పేరు పలికిన గొంతు

రామన్నపేట,
సెప్టెంబరు 2025.

చెల్లె జంగమ్మకు,

మేము బాగానే ఉన్నాం. మీరూ బాగున్నారని మొన్న నీ బిడ్డ వర్షిత ఫోన్‌లో చెప్పింది. అయినా నువ్వు నీ చేత్తో రాస్తేనే నమ్ముతాను. నవ్వకు. ఇకమీదట మన ఇంటి సంగతులేవీ ఫోన్‌లో వద్దు. ఉత్తరాలు రాసుకుందాం.

కారణం చెబుతాను. పెద్ద పెద్ద వాళ్ళ ఫోన్లే ఎవరో చాటుగా విన్నారని పేపర్లలో వస్తూనే ఉంది. విన్నామని ఒప్పుకునేవాడు లేడు, వినలేదని నమ్మించేవాడూ లేడు. మరి బస్టాండు పక్కన చాయ్ హోటల్ నడుపుకునే గాలయ్య ఫోన్ మాత్రం ఎందుకు వదిలిపెడతారు? ఈ మాట అంటే మీ వదిన భద్రమ్మ నా మీదికి లేస్తుంది. "నీ ఫోన్ల ఏముందని ఇంటరయ్యా? చాయ్‌ల అల్లం తక్కువైందనా?" అంటుంది.

ఆమెకేం తెలుసు? పోయిన వారం హోటల్లో కూర్చుని మోకాళ్ళు నొస్తున్నాయని ఒక్కసారి అన్నాను. మరునాడు మా హోటల్ ముందు ఆటో పెట్టుకునే రాజేశ్ ఫోన్‌లో మోకాళ్ళ నూనె ప్రకటన వచ్చింది. రాజేశ్ మోకాళ్ళు ఇనుప కడ్డీల్లా ఉంటాయి. ఆ ప్రకటన ఎవరి కోసం వచ్చినట్టు? పోయినేడు సర్వే వాళ్ళు వచ్చి మీ ఇంట్లో ఫ్రిజ్ ఉందా, బండి ఉందా అని గుచ్చి గుచ్చి అడిగినప్పుడే నాకు అనుమానం తగిలింది. సగం ప్రశ్నలకు గుర్తులేదన్నాను.

హోటల్‌కు మూడు పేపర్లు వేయించుకుంటాను. ఒకే మీటింగు గురించి ఒక పేపరు జనం పోటెత్తారని రాస్తుంది, ఇంకొకటి ఖాళీ కుర్చీల ఫోటో వేస్తుంది. మూడోది మీటింగే జరగనట్టు సినిమా సంగతులు రాస్తుంది. ఆ మీటింగుకు పోయి వచ్చిన రాజేశ్‌ను అడిగితే వాడు బిర్యానీలో ముక్కలు తక్కువగా ఉన్నాయని చెప్పాడు. నాకు వాడి మాటే నమ్మకంగా అనిపించింది.

రాష్ట్రం వచ్చిన రోజు ఇదే హోటల్లో వచ్చిన వాళ్ళందరికీ ఉత్త పుణ్యానికి చాయ్ పోశాను. ఆ రోజు టీవీ చెప్పిన ప్రతి మాటా నమ్మి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. ఇప్పుడు టీవీలో వాన వస్తుందన్నా బయటికి పోయి మబ్బు చూసుకుంటున్నాను. దవాఖానల సంగతి అసలే చెప్పకు, లేని రోగాన్ని పరీక్షలు చేసి పుట్టిస్తున్నారు.

జవాబు రాయి. కవరు బాగా అంటించు.

నీ అన్న,
గాలయ్య

*

కల్వకుర్తి,
అక్టోబరు 2025.

అన్నకు,

నీ ఉత్తరం అందింది. కవరుకు అంత గోందు పూస్తావా? సగం కాగితం కవరుకే అంటుకుపోయింది, నీళ్ళు తడిపి తీశాను. నిన్ను కనిపెట్టేవాళ్ళు ఎవరైనా ఉంటే పాపం వాళ్ళకూ ఇదే తిప్పలు.

నువ్వు ఫోన్‌ను అనుమానిస్తున్నావు. ఇక్కడ ఫోనే నన్ను అనుమానిస్తున్నది. అంగన్‌వాడీలో పిల్లల మొహాలు రోజూ దానికి చూపించాలి. అది ఒప్పుకుంటేనే పిల్ల వచ్చినట్టు. మొన్న ఒక పాపకు గుండు చేయించుకొచ్చారు. ఫోన్ గుర్తుపట్టనని మొండికేసింది. పాప నా ఒళ్ళో కూర్చుని గుడ్డు తింటున్నది, అయినా రానట్టే లెక్క. పాప నన్ను చూసి, "టీచర్, నేనే!" అంటున్నది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అయినా నేను నీలా ఫోన్ మీద అలగలేదు. అదే ఫోన్‌లో పిల్లలకు పాటలు పాడి గ్రూపులో పెడుతున్నాను. ఊళ్ళో తల్లులందరూ వింటున్నారు.

సర్వే అంటే గుర్తొచ్చింది. మా ఇంటికి వచ్చిన అమ్మాయి భర్త పేరేమిటని అడిగింది. వర్షిత ఇంట్లో లేదు. ఆధార్ కార్డు బీరువాలో, తాళం మీ బావ జేబులో, ఆయన పత్తి చేనులో. కాగితం మీద రాయమన్నా రాద్దును. ఆ అమ్మాయి ఫోన్ నాకివ్వదు, నోటితో చెప్పమంటుంది. మనింట్లో అమ్మగానీ, అవ్వగానీ మగడి పేరు పలికారా? నా నోరు మాత్రం ఎట్లా లేస్తుంది? "లంక గాల్చిన దేవుడు లేడా, గాయన పేరే" అన్నాను. ఆ పట్నం పిల్లకు అర్థం కాలేదు. "గదే బిడ్డా, అంజన్న" అన్నాను. ఆమె అంజన్న అని ఎక్కించుకుని పోయింది! సాయంత్రం మీ బావకు చెబితే పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇన్నేండ్లకు నా పేరే మార్చినవా, ఇంటిని గూడ మారుస్తవా?" అన్నాడు. గుడికి పోయినా నేను ఆ దేవుణ్ణి అంజన్న అనే మొక్కుతానని ఆయనకు తెలుసు.

వదినను అడిగినట్టు చెప్పు. ఆమె చాయ్‌లో అల్లం నిజంగానే తక్కువ.

నీ చెల్లె,
జంగమ్మ

*

రామన్నపేట,
డిసెంబరు 2025.

చెల్లెకు,

నీ ఉత్తరం చదివి మీ వదిన అల్లం రెండింతలు వేసింది. తాగినవాళ్ళంతా దగ్గుతున్నారు.

ఇక్కడ సర్పంచ్ ఎన్నికలు అయిపోయాయి. సుగుణమ్మ ఓడింది. మన వెనక వీధి సుగుణమ్మ, ఎవరింట్లో చావైనా మొదట వచ్చి నిలబడే మనిషి. ఓటింగుకు ముందు ఊరి గ్రూపులో ఒక ఆడియో తిరిగింది. ఆమె గొంతే. "ఓట్లు పడేదాక అక్కా అన్నా అందాం. గెలిచినంక గీళ్ళను గేటు కాడికి గూడ రానియ్యొద్దు" అని నవ్వుతున్నది. నేనూ విన్నాను. నేనూ నమ్మాను. నా ఓటు కూడా ఆమెకు వేయలేదు.

తర్వాత ఆమె హోటల్‌కు వచ్చి బెంచీ మీద కూలబడి ఏడ్చింది. "గొంతు నాదే గాలయ్యన్నా. మాట నాది గాదు. ఎవలికి జెప్పుకోవాలె?" అన్నది. రాజేశ్ చెప్పాడు, మనిషి గొంతు కాస్తంత దొరికితే చాలట, యంత్రం దానితో ఏదైనా పలికిస్తుందట. ఇటువాళ్ళు చేయించారని అటువాళ్ళు, అటువాళ్ళని ఇటువాళ్ళు. టీవీ వాళ్ళు రెండు పక్కలా మైకు పెట్టి నిజం మాత్రం మీరే తేల్చుకోండన్నారు. మేమే తేల్చుకునేదుంటే టీవీ ఎందుకు?

అప్పటి నుంచి నాకు నీ మీదే భయం. నువ్వు పాటలు పాడి గ్రూపులో పెడుతున్నావు కదా. నీ గొంతు ఎవరి చేతిలోనైనా పడుతుంది. రేపు అది నాకు ఫోన్ చేసి "అన్నా" అంటే నేనెట్లా గుర్తుపట్టాలి?

ఆలోచించి ఆలోచించి దారి కనిపెట్టాను. నీ సర్వే కథలోనే ఉంది. నువ్వు ప్రాణం పోయినా హనుమంతు బావ పేరు పలకవు. యంత్రానికి ఈ పట్టింపులు తెలియవు, అడిగితే టక్కున చెప్పేస్తుంది. కాబట్టి నీ గొంతుతో ఏ ఫోన్ వచ్చినా బావ పేరేమిటని అడుగుతాను. చెప్పలేక నసిగితే నా చెల్లెవి. చెప్పిందంటే దొంగ. ఈ సంగతి నీకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలియొద్దు. భద్రమ్మకు కూడా చెప్పలేదు.

ఒప్పుకున్నట్టు రాయి.

గాలయ్య

*

కల్వకుర్తి,
డిసెంబరు 2025.

అన్నకు,

సుగుణమ్మ గురించి చదివి అన్నం సహించలేదు. ఇన్నేండ్లు ఊరు ఆమెను చూసింది కదా. ఒక ఆడియో విని ఆ చూసిందంతా ఎట్లా మరిచిపోయారు? నువ్వు కూడానా? ఓటు సంగతి నాతో చెప్పావు సరే, ఆమెతో కూడా చెప్పు.

నీ పరీక్షకు ఒప్పుకుంటున్నాను. నీ తృప్తి కోసమే. ఆ పేరు నా నోట వినబడితే అది నేను కాదనే అనుకో, ఫోన్ పెట్టేయి. మీ బావకు ఈ సంగతి చెప్పలేదు, చెబితే రోజంతా నవ్వుతాడు. ఈమధ్య కాస్త నీరసంగా ఉంటున్నాడు. మొన్న చేతిలోంచి గ్లాసు జారి పగిలింది. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయంటున్నాడు. అంతే, ఏమీ లేదు.

పాటలు మాత్రం మానను. పిల్లలు ఎదురుచూస్తారు.

జంగమ్మ

*

రామన్నపేట,
జనవరి 2026.

చెల్లెకు,

నేను చెప్పానా లేదా? వచ్చింది!

నిన్న హోటల్ కిటకిటలాడుతున్న వేళ ఫోన్ మోగింది. తెలియని నెంబరు. ఎత్తగానే "అన్నా" అని నీ గొంతు. ఏమి గొంతు చెల్లె! నువ్వు చిన్నప్పుడు తేలు కుట్టి ఏడ్చినప్పుడు ఎట్లా జీర పోయిందో అట్లాగే ఉంది. ఒక్క క్షణం నా కాళ్ళలో వణుకు పుట్టింది. "హనుమంతు పడిపోయిండు అన్నా, నోరు వంకరవోయింది. పట్నం తీస్కపొమ్మంటున్నరు. నాకేం సమజైతలేదు, ఏం జెయ్యాల్నో నువ్వు జెప్పు" అన్నది.

పేరు వినగానే నా వణుకు ఆగిపోయింది. అయినా నియమం నియమమే కదా. "మా బావ పేరేంది?" అని గట్టిగా అడిగాను. "హనుమంతు అన్నా, హనుమంతు" అని రెండుసార్లు చెప్పింది. ఎంత తేలికగా చెప్పిందో! "నీ నాటకాలు నా దగ్గర నడువయ్" అని పెట్టేశాను. మళ్ళీ మోగింది, మళ్ళీ కట్ చేశాను. అట్లా మోగుతూనే ఉంది. చివరికి ఫోనే ఆపేశాను.

ఇంకో వింత విను. డబ్బు అడగనే లేదు. ముందు నమ్మించి, తర్వాత ఎప్పుడో అడుగుతారు. అది వీళ్ళ కొత్త తెలివి.

అంతటితో అయిపోలేదు. సాయంత్రం మీ వదిన ఫోన్‌కు వర్షిత నెంబరు నుంచే వచ్చింది. నెంబర్లు కూడా దొంగిలిస్తారట. భద్రమ్మ చెవిన పెట్టుకుని, "అయ్యో బిడ్డా" అని మొదలుపెట్టింది. నేను లాక్కుని సిమ్ తీసి అల్మారాలో పెట్టి తాళం వేశాను. "గా ఏడుపు మిషన్‌ది గాదయ్యా, నా మాటిను" అని ఒకటే గొడవ. అప్పుడు మన పరీక్ష సంగతి ఆమెకు చెప్పక తప్పలేదు. విని ఊరుకుంది గానీ నాతో మాట మాట్లాడడం లేదు. నాకు మాత్రం చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్ర పట్టింది. అందరూ మోసపోయే కాలంలో నేను మోసపోలేదు.

ఇద్దరం కలిసి గెలిచాం చెల్లె. బావకు చెప్పి నవ్వించు.

గాలయ్య

*

రామన్నపేట,
జనవరి 2026.

చెల్లెకు,

నీ జవాబు రాలేదు. రోజూ పోస్టుమన్‌ను నిలబెట్టి అడుగుతున్నాను. సంచీ చూపించమంటే నిన్న వాడికి కోపం వచ్చింది. ఉత్తరాలు ఎక్కడో ఆపుతున్నారని నా అనుమానం.

మీ వదిన బట్టలు సర్దుకుని కూర్చుంది. "నువ్వు రాకుంటే నేనే పోత" అంటున్నది. నీ ఉత్తరం వచ్చేదాకా ఆగమన్నాను. నువ్వు నవ్వుతూ జవాబు రాస్తావని, అది ఆమెకు చదివి వినిపించాలని ఉంది.

నీకొక మాట రాయలేదు. ఆ రోజు నేను పెట్టేసే ముందు ఆ గొంతు ఇంకో మాట అన్నది. "అన్నా, నేనొక్కదాన్నే ఉన్న" అన్నది. పైసలు గుంజేవాడికి ఆ మాటతో పనేముంది? యంత్రానికి అది ఎవరు నేర్పారు? చాయ్ పోస్తుంటే చెవిలో అదే వినబడుతున్నది.

ఒక్క వాక్యం రాయి చాలు. ఖాళీ కార్డు వేసినా సరే.

గాలయ్య

*

కల్వకుర్తి,
ఫిబ్రవరి 2026.

అన్నకు,

దవాఖాన నుంచి నిన్న ఇంటికి వచ్చాం. తలుపు తీస్తే నీ ఉత్తరాలు రెండూ గడప లోపల పడి ఉన్నాయి. మొదటిది ముందు చదివాను. గెలిచామని రాసినది.

అది నేనే అన్నా.

ఆ రోజు ఆయన చాయ్ తాగుతూ పక్కకు ఒరిగాడు. ఉన్నదాన్ని ఉన్నట్టే ఆటోలో వేసుకుని పరుగెత్తాను. ఫోను లేదు, ఆధార్ లేదు, కాళ్ళకు చెప్పులు లేవు. దవాఖానలో చీటీ రాసేవాడు పేరు అడిగాడు. లంక కాల్చిన దేవుడని చెప్పే జాగా కాదది. వెనక మనుషులు తోసుకుంటున్నారు. "పేరు జెప్పవేందమ్మా, మనిషి ఆగమైతున్నడు" అని ఎవరో అరిచారు. చెప్పాను. నా గొంతు నాకే పరాయిగా వినబడింది. స్ట్రెచర్ మీద ఆయన కళ్ళు తెరిచి నన్ను చూశాడు. డాక్టరమ్మ అది చూసి, "పిలువమ్మా, పేరు వెట్టి పిలుస్తనే ఉండు, తెలివి తప్పనియ్యకు" అన్నది. పిలిచాను. జన్మలో పలకనిదంతా అప్పుడే పలికాను. ఆ నోటితోనే ఎవరిదో ఫోన్ అడుక్కుని నీకు చేశాను. నాకు నోటికి వచ్చిన నెంబరు నీదొక్కటే.

నువ్వు బావ పేరేమిటని అడిగితే అది మన పరీక్ష అని నాకు తట్టనే లేదు. అందరూ పేరే అడుగుతున్నారు, నువ్వూ అడిగావనుకున్నాను.

మెదడులో రక్తం గడ్డ కట్టిందట. వెంటనే పట్నం తీసుకుపొమ్మన్నారు. ఏ దవాఖానకు పోవాలి, కోస్తామంటే ఒప్పుకోవాలా వద్దా, నాకు తెలియదు. బాపు పోయినప్పటి నుంచి ఇంట్లో పెద్ద మాటలన్నీ నీ నోటి నుంచి విన్నదాన్ని. అంబులెన్సు గేటు దగ్గర నిలబడి ఉంది. నేను నీ నెంబరు నొక్కుతూనే ఉన్నాను. ఆపేశావని తెలిసినాక కూడా నొక్కాను. గంట గడిచింది. అప్పుడు డ్రైవర్, "అక్కా, ఇంకెవల కోసం?" అన్నాడు. ఎవరి కోసం లేదన్నాను. ఎక్కాను. పట్నంలో కాగితాల మీద నేనే సంతకం పెట్టాను.

ప్రాణం దక్కింది. కుడి చెయ్యి లేవడం లేదు. మాట రావడం లేదు. ఆ గంట ముందు వస్తే ఏమయ్యేదని డాక్టర్లను నేను అడగలేదు, ఇక అడగను కూడా. నువ్వు కూడా అడగవద్దు.

నీ మీద కోపం ఉందన్నా. చాలా ఉంది. వర్షిత నీ పేరు ఎత్తనివ్వడం లేదు. కానీ ఆ పేరు నా నోట వినబడితే ఫోన్ పెట్టేయమని రాసిందాన్ని నేనే కదా. అందుకే తిట్టబోయి ఆగిపోతున్నాను. ఆయన చేతి సంగతి కూడా నీకు ఏమీ లేదనే రాశాను, నా భయం దాచాను. పండుగలు అయినాక చూపిద్దామనుకున్నాను, నీకు ఉన్నదున్నట్టు రాస్తే దవాఖానల మీద నాలుగు మాటలు రాస్తావనుకున్నాను.

నన్ను నువ్వు ఎత్తుకుని పెంచావు. నా మాట నమ్మకపోతే పోయింది. నా ఏడుపు కూడా గుర్తుపట్టలేదా అన్నా?

జంగమ్మ

*

రామన్నపేట,
ఫిబ్రవరి 2026.

చెల్లె,

ఈ ఉత్తరం మీ వదిన చేతికే ఇచ్చి పంపుతున్నాను. ఆమె నిన్న నీ ఉత్తరం చదివి నా మొహం కూడా చూడలేదు.

గుర్తుపట్టాను. అదే నా పాపం. తేలు కుట్టినప్పటి ఏడుపని నీకు రాసింది నేనే కదా. చెవి గుర్తుపట్టింది, కాళ్ళు వణికాయి. నేనే నా చెవిని నమ్మలేదు. పేపర్లను, టీవీని, నాయకులను అనుమానించి అనుమానించి, అదే తెలివి అనుకున్నాను. పొద్దున సుగుణమ్మ ఇంటికి పోయి ఓటు సంగతి చెప్పాను. ఆమె లోపలికి రమ్మనలేదు. అయినా నిలబడి చెప్పాను.

హోటల్ పక్కనే బస్టాండు. కల్వకుర్తి దిక్కు పోయే బస్సు దారి నాకు తెలియనిది కాదు. ఎక్కడానికి కాళ్ళు రావడం లేదు. ఎదురుగా బావ ఆ కళ్ళతో చూస్తే నేనేం మాట్లాడాలి? నేను వస్తే తలుపు తీస్తావా? మన మధ్య ఇకముందు వేరే గుర్తు ఏదైనా పెట్టుకుందామంటే చెప్పు, నీ ఇష్టం.

గాలయ్య

*

కల్వకుర్తి,
ఫిబ్రవరి 2026.

అన్నకు,

వదిన వచ్చింది. వచ్చీరాగానే చాయ్ పెట్టి ఆయనకు చెంచాతో తాగించింది. అల్లం సరిపోయింది.

గుర్తులు వద్దు. పరీక్షలు వద్దు. నాకు ఎవరైనా ఏడుస్తూ ఫోన్ చేస్తే ముందు పోయి నిలబడతాను. అక్కడికి పోయినాక అది మోసమని తేలితే ఆటో కిరాయి దండగ, అంతే కదా.

కోపం పోలేదు. అది ఉన్నట్టే ఉంటుంది, నువ్వు రా. ఆయనను రోజూ కూర్చోబెట్టి మాటలు నేర్పించాలట. పొద్దున లేచింది మొదలు పేరు పెట్టి పిలుస్తున్నాను. వాడకట్టులో ముసలమ్మలు ముక్కున వేలేసుకుంటున్నారు. నిన్న తన పేరు తానే సగం పలికాడు. "ఇంటున్నవా అయ్యా" అని నేను పాత తీరున పిలిచినా, "బాపూ" అని వర్షిత పిలిచినా తల తిప్పడం లేదు. పేరుకొక్కదానికే తిప్పుతున్నాడు. నువ్వు వచ్చి బావా అంటే వినబడదు. నువ్వు కూడా ఆ పేరు పెట్టే పిలవాలి.

కల్వకుర్తి బస్టాండులో దిగి ఫోన్ చెయ్యి. అన్నా నువ్వేనా అని అడగను. వచ్చి తీసుకుపోతాను.

జంగమ్మ